గరిటెల మీది పన్ను

"చర్చిలో సాక్ష్యం చెప్పమంటే ఎవరైనా రెండు మాటలు చెప్పి కూచుంటారు. నువ్వు అమెరికా కోర్టు తీర్పంతా అప్పజెప్పినావు," అంది సుకుమారి, మొగుడి పళ్ళెంలో సంగటి ముద్ద వేస్తూ.

"తీర్పు నేనేమన్నా రాసినానా? దేవుడికి వందనాలు చెప్పినా, అంతే," అన్నాడు పాల్. "పన్ను కొట్టేసినారా లేదా? నువ్వు గూడా చూసినావు గదా టీవీలో."

"కొట్టేసింది చూసినా. మన డబ్బులు తిరిగొస్తాయని యాడ చూపించినారు?"

"చెల్లని పన్నంటే తీసుకున్నోళ్ళు తిరిగియ్యాల్సిందే. దానికి టీవీ చూడాల్నా?"

"ఈస్టరు లోపల వస్తాదని గూడా చెప్తివే! ఆ తేదీ నీకు ఎవరిచ్చినారయ్యా?"

"విశ్వాసంతో చెప్పినా."

ఆదివారం మధ్యాహ్నం చర్చి నుంచి వస్తుంటే దారిలో మొదలైన గొడవ అది. అన్నాల దగ్గర నడిచింది, సాయంత్రం ప్రార్థనప్పుడు కాసేపు సద్దుమణిగింది, సోమవారం పొద్దున కాఫీతోపాటు మళ్ళీ పొయ్యెక్కింది. పాల్ తల్లి శీనమ్మ గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ ఇద్దరి మాటలూ వింటోంది. ఇక పట్టలేక, "వాడు చెప్పింది తప్పైతే సంఘమంతా ఎందుకు ఆమేనన్నారే? పాస్టరుగారు గూడా అన్నాడే!" అంది.

"పాస్టరుగారికేం అత్తా. ఆయన ఇంటి ముందరికి ఎవరూ రారు. నా ఇంటి ముందరికి వస్తారు."

సుకుమారి భయం అదే. ఉదయగిరిలో కొయ్య గరిటెలు చెక్కే ఆడవాళ్ళలో ఎనిమిది మంది ఆమె వసారాలోనే కూర్చుని పనిచేస్తారు. కొయ్య తెప్పించేదీ, పని పంచేదీ, తయారైన సరుకు మూట కట్టి ఆత్మకూరులో మల్లికార్జునం సెట్టి కొట్లో దించేదీ, రేటు మాట్లాడేదీ సుకుమారి ఒక్కతే. మిగతావాళ్ళు సెట్టి మొహం కూడా ఎరగరు. శీనమ్మ కాలం నుంచీ అదే పద్ధతి. పదిమందితో బేరం పెట్టుకోవడం సెట్టికి గిట్టదు, పని మానుకుని చార్జీలు పెట్టుకుని పోయే ఓపిక ఆడవాళ్ళకి ఉండదు. వచ్చి సుకుమారి ఏం చెబితే అదే సెట్టి మాట.

పోయిన వినాయక చవితి ముందర అమెరికా మన దేశపు సరుకు మీద పన్ను పెంచింది. ఉదయగిరి గరిటెలు సెట్టి కొట్టు నుంచి మద్రాసులో ఒక ఎగుమతి వ్యాపారికి, ఆయన దగ్గర నుంచి ఓడెక్కి అమెరికాకి పోతాయి. అక్కడి కంపెనీ ధర తగ్గించమని మద్రాసాయన మీద పడింది. మద్రాసాయన సెట్టి మీద పడ్డాడు. సెట్టి సుకుమారిని పిలిపించి, పెద్ద గరిటెకి పన్నెండు రూపాయలున్న కూలిని తొమ్మిది చేశాడు. "ఇది నేను తీసుకునేది కాదమ్మా, అమెరికా పన్ను. అది పోయిన రోజు మీది మీకు," అన్నాడు.

సుకుమారి వచ్చి ఆ మాట ఆ మాటగా వసారాలో చెప్పింది. ఆడవాళ్ళు నోరారా తిట్టారు, దుమ్మెత్తి పోశారు, అయినా ఉలి కింద పెట్టలేదు. అమెరికాతో ఎవరు కొట్లాడతారు? సెట్టితో అయితే కొట్లాడి ఉందురేమో. అప్పట్నుంచి ఆ మూడు రూపాయలు పోవడాన్ని వాళ్ళలో ఒక్కరు కూడా కూలి తగ్గడమని అనలేదు. "పన్ను కడతా ఉండాం" అనే అన్నారు. అనగా అనగా సుకుమారికీ అదే మాట అలవాటైపోయింది.

వసారాలో చాపలు పరిచేలోపే మాలకొండమ్మ వచ్చింది. ఆమె ఏనాడూ చర్చి గడప తొక్కిన మనిషి కాదు. అయినా పాల్ సాక్ష్యం ఆదివారం సాయంత్రానికే ఆమె ఇంటికి నడిచిపోయింది. వెనకే ఆదిశేషమ్మ, ఆ వెనక మిగతావాళ్ళు. రోజూ వచ్చీ రాగానే ఎవరి చోట్లో వాళ్ళు కూలబడి బాడిశ అందుకునేవాళ్ళు, ఈపూట కూర్చోలేదు.

"అక్కా, మా పన్ను ఎప్పుడిస్తారంట?" అంది మాలకొండమ్మ.

"కూచోండిమే. నిలబడి ఏంది?"

"కూచుంటే పనిలో పడిపోతాం. నువ్వు చెప్పు ముందు."

"ఆయన ఏదో తెలిసీ తెలియక..." అని సుకుమారి మొదలుపెట్టేసరికి లోపల పాల్ దగ్గాడు.

"ఆయన మాట మేం పట్టుకోలా," అంది ఆదిశేషమ్మ. "ఆటో తోలేటోడికి అమెరికా సంగతి ఏం తెలుస్తాది? నువ్వు చెప్పినావు గదా చవితికి ముందర, పన్ను పోతే మనది మనకని. ఇప్పుడు పోయిందంట. అందుకే అడగతా ఉండాం."

"సెట్టిని అడగాల."

"అడుగు. అనంతసాగరం నుంచి మిరపకోతలకి ఆటో పంపిస్తా ఉండారు. సాయంత్రానికి కూలి చేతిలో పెడతారు. ఎవరి పన్నూ పట్టుకోరు," అంది మాలకొండమ్మ. "నువ్వు ఉండమంటే ఉంటాం. లేదా, బుధవారం నుంచి ఆ ఆటో ఎక్కతాం."

"బెదిరిస్తా ఉండావా?"

"అయ్యో, బెదిరింపేంది అక్కా! చెప్పకుండా పోయినామని నువ్వు అనకూడదు గదా."

ఆ మాట నవ్వుతూనే అంది. నవ్వినందుకే అది ఒట్టి మాట కాదని సుకుమారికి తెలిసింది. ఇద్దరు పోతే ఎనిమిది మందీ పోతారు. మిరపకోతలు అయ్యాక తిరిగి వస్తారన్న నమ్మకం లేదు. ఒకసారి చెయ్యి తిరగడం మానితే చాలామంది మళ్ళీ ఉలి పట్టరు. వసారా ఖాళీ అయితే సెట్టికి ఇంకో వసారా దొరుకుతుంది. పాల్ ఆటో మీద వచ్చేది ఆటోకే సరిపోతుంది. నెల్లూరులో నర్సింగు చదువుతున్న కూతురు ప్రమీలారాణి పరీక్ష ఫీజు కోసం వచ్చి, లోపలి గదిలో పుస్తకం ముందేసుకుని కూర్చుని ఉంది. ఆ పిల్ల చదవడం లేదనీ, వింటోందనీ పేజీ తిరగని చప్పుడు బట్టి సుకుమారికి తెలుసు.

"ఈపొద్దే పోయొస్తా," అని చెప్పి చీర మార్చుకుంది.

*

ఆత్మకూరు బజారులో మల్లికార్జునం సెట్టి కొట్టు ముందు భాగంలో పూజ సామాను, ఇత్తడి గిన్నెలు ఉంటాయి. లోపలికి పోతే గరిటెల మూటలు, అట్టపెట్టెలు, ఎగుమతి వ్యవహారం. సుకుమారి వెళ్ళేసరికి సెట్టి నుదుట విభూతితో గల్లాపెట్టె దగ్గర ఉన్నాడు. కొడుకు వెంకటసాయి పక్క బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని ఏదో చూస్తున్నాడు.

"రా సుకుమారీ. మూట లేకుండా వచ్చినావే?"

"అడగాల్సింది ఒకటుండి వచ్చినా సెట్టిగారూ."

సెట్టి పెద్దగా నవ్వాడు. "తెలుసులే. మీ ఆయన ప్రసంగం మా కొట్టు దాకా వచ్చింది. పొద్దున్నుంచి ముగ్గురు అడిగినారు, 'ఏం సెట్టీ, అమెరికా డబ్బులు దిగినాయంట గదా' అని."

"దిగినాయా మరి?"

"దిగినాయి, గోతాల్లో! పైన మిద్దె మీద పోసినాం." నవ్వు ఆపి కొడుకు వైపు తిరిగాడు. "అబ్బయా, ఆమెకి అర్థమయ్యేటట్టు చెప్పు."

వెంకటసాయి మంచి పిల్లవాడే. కుర్చీ ఇటు తిప్పుకుని నిదానంగా చెప్పాడు. "అక్కా, పన్ను కట్టింది అమెరికా కంపెనీ. సరుకు ఓడ దిగే చోట, వాళ్ళ పేరు మీద కట్టినారు. తిరిగొస్తే వాళ్ళకే వస్తాది. అది గూడా ఎట్టా ఇస్తారో, ఎప్పుడిస్తారో ఇంకా తేల్లేదు. అక్కడ కంపెనీలన్నీ దానికోసమే తిరగతా ఉండాయి."

"వాళ్ళకి వస్తే మనకి ఇయ్యరా? వాళ్ళ కోసమే గదా మనం తగ్గించుకున్నది."

"మద్రాసాయన అడిగినాడంట. చూద్దామన్నారంట. కాయితాల్లో చూస్తే మనం ధర తగ్గించి అమ్మినట్టే ఉంటాది అక్కా. మనం పన్ను కట్టినట్టు ఉండదు."

"సరే. మద్రాసాయన ధర తగ్గించినాడు, మీరు తగ్గించినారు. మేము?"

వెంకటసాయి కాసేపు ఆలోచించాడు. దాచాలని కాదు, సరిగ్గా చెప్పాలని. "మీరు పన్ను కట్టలేదక్కా. మీకు మేం కూలి తగ్గించినాం."

ఇన్ని నెలలుగా వసారాలో ఎవరి నోటా రాని మాట అది. ఎంత తేలిగ్గా చెప్పాడు పిల్లవాడు! కొట్లోకి ఎవరో వచ్చి కర్పూరం అడిగారు, సెట్టి ఇచ్చి చిల్లర తీసుకున్నాడు. అంతసేపూ సుకుమారి మూటల మీద చెయ్యి వేసి నిలబడింది. ఆ మూటల్లో తన వాళ్ళ గరిటెలే ఉన్నాయి.

"మీది మీకని అన్నారు సెట్టిగారూ," అంది చివరికి.

"అన్నా. కాదన్లా. రేటు సంగతి అన్నా. పోయిందంతా తెచ్చిస్తానని అన్నానా? కోర్టు పన్నుని కొట్టేసింది గానీ నేను మద్రాసుకి వేసిన బిల్లుల్ని కొట్టేయలేదే!"

"పోయింది పోనీండి. ఇప్పుడు పన్నెండు ఇయ్యండి."

"ఎట్టా ఇచ్చేది? అది పోయిందో లేదో, వేరే చట్టం చూపించి ఇంకో పన్ను వేసినారు. తక్కువే, కొన్ని నెలలకేనంట, కానీ ఉండాది. ధర పెంచమంటే అమెరికావోడు ఒప్పుకోడు."

సుకుమారి కొంగు సర్దుకుని పోవడానికి తిరిగింది. అప్పుడు సెట్టి గొంతు మారింది.

"అబ్బయా, టీ చెప్పిరా పో. రెండు." కొడుకు వెళ్ళేదాకా ఆగి, గల్లాపెట్టె మీదికి వంగాడు. "కూచో సుకుమారీ. తొందరేంది? పెద్ద ఆర్డరు వచ్చింది. పన్ను తక్కువున్న ఈ నాలుగు నెలల్లోనే సరుకంతా దించుకోవాలని అమెరికావోడు ఉరకతా ఉండాడు. తర్వాత ఎంత వేస్తారో వాళ్ళకే తెలీదంట. మీ వసారా నుంచి ఎంతొస్తే అంత తీసుకుంటా."

"తొమ్మిదికా?"

"తొమ్మిదికే. అది ఆడోళ్ళకి." గొంతు ఇంకా తగ్గించాడు. "నీకు మాత్రం గరిటెకి రూపాయి వేరే ఇస్తా. కొయ్య చూసుకుంటావు, బస్సులెక్కతావు, వాళ్ళ చేత మాటలు పడతావు. న్యాయంగా నీకు రావాల్సిందే అది. మీ అమ్మాయి ఫీజుందన్నావు గదా పోయినసారి? ఇదో, అడ్వాన్సు." నోట్లు మడిచి ఆమె ముందు పెట్టాడు. "ఇది మనిద్దరి మధ్యనే ఉండనీ. నలుగురికి తెలిస్తే నలుగురూ అడగతారు."

టీ వచ్చింది. సుకుమారి తాగింది. తాగడం అయ్యేసరికి నోట్లు ఆమె సంచిలో ఉన్నాయి. ఎప్పుడు తీసుకుందో, ఏమని తీసుకుందో బస్సెక్కాక ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు. ఫీజు ఎంతో సెట్టికి చెప్పినట్టు మాత్రం గుర్తుంది. ఆయన ఇచ్చింది దానికి కొంచెం ఎక్కువే.

బస్సులో కిటికీ పక్క చోటు దొరికింది. సంచి ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులూ దాని మీద వేసుకుంది. రూపాయి తీసుకుంటే ఎవరి నోటి దగ్గరది లాక్కున్నట్టు? వాళ్ళ తొమ్మిది వాళ్ళకి వస్తూనే ఉంటుంది. సెట్టి తన లాభంలోంచి ఇస్తున్నాడు. కొయ్య లారీ నుంచి దించుకునేటప్పుడు ఒక్కరైనా చెయ్యి వేస్తారా? సరుకు బాగాలేదని తిట్టేది ఎవరిని? అన్నీ నిజాలే. ఉదయగిరి కొండ కనపడేదాకా ఆ నిజాలన్నిటినీ ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటూనే వచ్చింది.

*

ఇంటికి వచ్చేసరికి వసారాలో మాలకొండమ్మ ఒక్కతే ఉంది. మిగతావాళ్ళు వంటలకి పోయారు. ఆమె ఒక పెద్ద గరిటె కాడకి గరుకు కాగితం రుద్దుతోంది. ఒళ్ళంతా కొయ్య పొడి.

"పోలా ఇంకా?"

"నీకోసమే కూచున్నా. ఊరికే కూచుంటే చెయ్యి ఊరుకోదే! సెట్టి ఏమన్నాడక్కా?"

సుకుమారి సంచి చంకలోనే పెట్టుకుని గోడకి ఆనుకుంది. "అదంతా పెద్ద కథ మే. పన్ను కట్టింది అమెరికా కంపెనీ అంట. తిరిగొస్తే వాళ్ళకేనంట. మనం కట్టింది పన్ను కాదంట."

"మరేంది?"

"మనకి కూలి తగ్గించినారంట."

మాలకొండమ్మ చెయ్యి ఆగింది. "కూలి తగ్గించినారా?" అంది. కోపంగా కాదు, ఏదో కొత్త ఊరి పేరు పలికినట్టు. "మరి ఇన్నాళ్ళూ పన్ను పన్ను అని చెప్తివే మాకు?"

"నాకు సెట్టి అట్టా చెప్పినాడు. నేను అట్టా చెప్పినా."

"ఇంకేం చెప్పినాడు?"

"పెద్ద ఆర్డరు వచ్చిందంట. తొమ్మిదికే చెయ్యాలంట."

"నీకు గూడా తొమ్మిదేనా?"

అడగడంలో అనుమానం ఏమీ లేదు. పాపం, అక్క కూడా మనతోపాటే నష్టపోతోందన్న ఓదార్పు ఉంది. అందుకే సుకుమారికి ఆలోచించే వ్యవధి కూడా లేకపోయింది. "నాకూ అంతే," అనేసింది.

మాలకొండమ్మ తల ఊపింది. పూర్తయిన గరిటెని పక్క కుప్పలో వేసి, చీర దులుపుకుని లేచింది. "సరే. వాళ్ళకి ఇదే చెప్తా. సుకుమారక్కకీ మనకంటే ఎక్కువేం రాలేదంట, ఇంక సెట్టిని అని ఏం లాభం అని చెప్తా. నువ్వు చెప్తే నమ్ముతారు. నేను గూడా కోతలకి పోకుండా చూస్తాలే," అంటూ మెట్లు దిగింది.

తన అబద్ధాన్ని ఆమె కొంగున కట్టుకుని ఏడు ఇళ్ళకి పంచడానికి పోతోంది. పిలుద్దామనుకుంది సుకుమారి. సంచి చంకలోకి ఇంకా లాక్కుంది. సెట్టి తన చేత చెప్పించిన పన్ను మాట తెలియక చెప్పింది. ఇప్పుడు చెప్పింది తెలిసి చెప్పింది. రేపు కూలి పంచేటప్పుడు మళ్ళీ చెప్పాలి, ఎల్లుండీ చెప్పాలి.

*

దీపాలు పెట్టే వేళకే అన్నాలకి కూర్చున్నారు. పాల్ ఆటో కడిగి వచ్చాడు. ప్రమీలారాణి అవ్వకి కూర వడ్డించి, తను మాత్రం ఏమీ పెట్టుకోకుండా తల్లి మొహమే చూస్తోంది.

సుకుమారి నోట్లు తీసి పళ్ళేల మధ్య పెట్టింది. సెట్టి కొట్లో జరిగిందంతా చెప్పింది, టీ సంగతితో సహా.

పాల్ మొహం వెలిగింది, వెంటనే కొంచెం తగ్గింది. "అయితే నేను చెప్పినట్టు డబ్బులు వచ్చినట్టా, రానట్టా?"

"నాకు వచ్చినాయి. వాళ్ళకి రాలా."

"నీకు వస్తే తప్పేముండాది? మేస్త్రీ అన్నాక యాడైనా రూపాయి ఎక్కువే ఉంటాది. నువ్వు దొంగతనం చేసినావా?"

"చెప్పకూడదన్నాడు గదా."

"అన్నీ అందరికీ చెప్తామా? చెప్పుకుంటే ఏమయిందో నిన్న చూసినావుగా నా సంగతి!"

ప్రమీలారాణి నవ్వబోయి ఆపుకుంది. శీనమ్మ ముద్ద కలుపుతూ, తల ఎత్తకుండా అంది. "ఈ సెట్టి నాయన నాకు ఇచ్చేవాడు. గరిటెకి పది పైసలు. అట్టనే ఈ ఇంటికి కప్పు పడింది. అదేం కొత్త గాదు."

సుకుమారి అత్త వైపు చూసింది. ముసలామె మొహంలో సిగ్గూ లేదు, గొప్పా లేదు. ఉప్పు తక్కువైందని చెప్పినట్టు చెప్పింది. పాల్ కూడా ఆ సంగతి మొదటిసారి విన్నట్టున్నాడు, పైకప్పు వైపు చూసి మళ్ళీ పళ్ళెంలోకి చూసుకున్నాడు.

"అమ్మా," అంది ప్రమీలారాణి మెల్లగా. "ఫీజుకి శుక్రవారం ఆఖరు."

"ఆ తర్వాత కట్టనియ్యరా?"

"ఫైనుతో కట్టొచ్చు. నెలాఖరు దాకా."

"ఫైనుతో కడదాం."

పాల్ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "అంటే?"

సుకుమారి అన్నం తినడం పూర్తిచేసింది. లేచి చెయ్యి కడుక్కుంది. కొంగుతో తుడుచుకుని వచ్చి, నోట్లు తీసి మళ్ళీ సంచిలో పెట్టి, సంచి తలుపు పక్కన మేకుకి తగిలించింది. గొంతు పెంచలేదు. రోజూ రేపటి పని చెప్పినట్టే చెప్పింది.

"రేపు పొద్దున బస్సుకి అందరం ఆత్మకూరుకి పోతా ఉండాం. మాలకొండమ్మ, ఆదిశేషమ్మ, ఎనిమిది మందీ. ఇప్పుడే పోయి వాళ్ళకి చెప్పొస్తా, నాకూ తొమ్మిదేనని చెప్పింది అబద్ధమని గూడా చెప్తా. ఈ డబ్బులు వాళ్ళ ముందరే సెట్టి బల్ల మీద పెడతా. రేటు ఎంతకి ఒప్పుకుంటారో వాళ్ళే ఆయనతో చెప్పుకుంటారు. తొమ్మిదే అంటే, ఆ తొమ్మిది వాళ్ళ చెవులతో వాళ్ళు వింటారు. వద్దనుకుంటే మిరపకోతలకి పోతారు, వాళ్ళతో నేనూ పోతా. ఇంక మీదట ఆ కొట్టుకి నేను ఒక్కదాన్నే పోయేది లేదు."

"వాళ్ళందరూ సెట్టితో తిన్నగా మాట్లాడుకుంటే ఇంక మనకేం ఉంటాదే?" అన్నాడు పాల్.

"గరిటె చెక్కితే వచ్చే కూలి ఉంటాది," అని సుకుమారి చెప్పులు వేసుకుంది.